శుభం కార్డు ఎప్పుడేస్తారు?

తెలుగునాట ఒక్క వారమైనా ఆగకుండా, ఒక్క రూపాయి ప్రకటన తీసుకోకుండా నలభై ఏళ్లుగా నడుస్తున్న టీవీ కార్యక్రమం ఒకటుంది. దానికి నిర్మాత లేడు, టైటిల్ సాంగు లేదు, స్టూడియో అసలే లేదు. పెళ్లి భోజనాల దగ్గర, రైల్లో కింది బెర్తు మీద, డాక్టరుగారి వరండాలో ప్రసారమవుతుంటుంది. ‘ఆ రోజుల్లో టీవీ ఎంత బాగుండేదో!’ అన్నది దాని పేరు.

మా ఇంట్లో ఈ కార్యక్రమం మా బాబాయిది. కరెంటాఫీసులో రిటైరయ్యాడు. సాయంత్రం ఏడు దాటి పిన్ని (సీరియల్ కాదు, సొంత పిన్నే) రిమోటు చేతిలోకి తీసుకోగానే ఆయన గొంతు సవరించుకుంటాడు. “ఒరేయ్, శాంతిస్వరూప్ వార్తలు చదువుతుంటే ఎలా ఉండేదిరా...” అని ఎత్తుకున్నాడంటే ఇక భోజనాలయ్యేదాకా విరామం లేదు.

శాంతిస్వరూప్ గురించి ఆయన చెప్పేదాంట్లో అతిశయోక్తి లేదు, అది ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. తెలుగు వార్తల కోసం జనం 1983 నవంబరు 14 దాకా ఎదురుచూశారు. ఆ రోజు తెర మీద కనిపించిన తొలి తెలుగు న్యూస్‌రీడర్ ఆయనే. టెలిప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితం, ఎదురుగా కెమెరా. మంత్రివర్గం మారినా, తుపాను తీరం దాటినా ఒకటే గొంతు. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఇవాళ చిత్తూరు జిల్లాలో టమాటా ధర పడిపోయిందని చెప్పడానికి కూడా యుద్ధం ప్రకటిస్తున్నట్టు అరుస్తుంటే, బాబాయికి ఆ గొంతు గుర్తు రావడం న్యాయమే.

బాబాయి జ్ఞాపకాల ఆల్బంలో మాత్రం బాగా వచ్చిన ఫొటోలే ఉంటాయి. మిగిలినవి నా దగ్గరున్నాయి.

ఆ రోజుల్లో టీవీ చూడ్డానికి పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు కట్టాలి. మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ ఉన్న ఇల్లు వీధికంతటికీ పెద్దిల్లు. ఒకడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పాలి, ఒకడు మెట్ల మీద నిలబడాలి, ఒకడు టీవీ ముందు కూర్చుని “వచ్చింది... పోయింది... మళ్లీ వచ్చింది... పోయింది” అని కేకెయ్యాలి. పైనున్నవాడు దిగొచ్చేసరికి చిత్రలహరిలో పాటలైపోయేవి. శుక్రవారం వస్తుందంటే వారమంతా ఎదురుచూసిన ఆ చిత్రలహరిలో నాలుగైదు పాటలు. నచ్చిన పాటైతే ఒక చరణం దగ్గర కత్తెర పడేది. నచ్చనిదైతే చివరిదాకా వేసేవాళ్లు.

ఎనభైల మధ్యలో జిల్లాల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. వాటిలో చాలావాటికి చాలాకాలం ఢిల్లీ కార్యక్రమాలే దిక్కు. గోదావరి జిల్లాల్లో వరి తప్ప మరొకటి ఎరగని రైతు, సాయంత్రం అరుగు మీద కూర్చుని గోధుమ తెగుళ్ల గురించి హిందీలో వినేవాడు. మధ్యలో లేచిపోయేవాడా అంటే, లేదు. బొమ్మ కదులుతోంది కదా! ఆదివారం మధ్యాహ్నం అవార్డు సినిమా వేసేవాళ్లు, భాషలవారీగా, ఇంగ్లిషు అక్షరక్రమంలో. అస్సామీతో మొదలుపెట్టి, బెంగాలీ, గుజరాతీ అన్నీ దాటుకుని, తమిళం కూడా అయ్యాక గానీ తెలుగు వంతు రాదు. తీరా ఆ ఆదివారం వచ్చి, ఊరంతా పెందలాడే భోంచేసి కూర్చున్నాక కరెంటు పోయేది. ఆ కరెంటు ఎవరి ఆఫీసుదో మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. ఇంటి శాంతి ముఖ్యం.

పెద్దవాళ్లెవరైనా పోతే రోజుల తరబడి సారంగీ, షెహనాయి. ఏమీ పోకపోయినా ‘అంతరాయానికి చింతిస్తున్నాం’. ఆ బోర్డు ఎంతసేపు నిలబెట్టేవాళ్లంటే, దాన్నీ ఒక కార్యక్రమంగా లెక్కవేసి చూసినవాళ్లున్నారు. ప్రేక్షకులు గొణగలేదా అంటే, గొణిగారు. ఎంతగా గొణిగారంటే ఆ ఉత్తరాలు చదివి సమాధానాలు చెప్పడానికే ‘జాబులు జవాబులు’ అని దూరదర్శన్ వేరే కార్యక్రమం పెట్టింది. ఈ దేశంలో సర్కారువారి ఆఫీసు ఒకటి తన మీద వచ్చిన ఫిర్యాదుల్ని తానే చదివి, దాన్నే వినోదంగా ప్రసారం చేసింది. అది మాత్రం నిజంగా స్వర్ణయుగమే.

మరి బాబాయికి పోయిందేమిటి? నాకు తోచింది చెబుతాను. అప్పటి టీవీ అయిపోయేది. రాత్రి ఫలానా వేళకి ప్రసారాలు సమాప్తం అనేవాళ్లు, తెర మీద చీమలు పడేవి, మనుషులు పడుకునేవాళ్లు. సీరియల్‌కి పదమూడు వారాల అనుమతి ఇస్తే పదమూడు వారాల్లో కథ చెప్పాలి. కథ బాగుందో లేదో తర్వాతి సంగతి, చివరికి ఏమైందన్నది తెలిసేది. ఇప్పుడు మనకి టీవీలో ఏ చివరా అందడం లేదు.

ఇక్కడ బాబాయి నా మాట పట్టుకుని ఎగిరి గంతేస్తాడని తెలుసు. కాస్త ఆగాలి ఆయన. సాగదీత అనే విద్యకు గురుకులం కూడా ఆ పాత టీవీయే. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25న మొదలైంది. మొదట ఒప్పుకున్నది 52 వారాలకు. పెరిగి పెరిగి 1988 జులై 31 నాటికి 78 అయింది. రాముడు బాణం వదిలితే అది ఆకాశంలో సావకాశంగా బయల్దేరేది. అటునుంచి ఇంద్రజిత్తు బాణం వచ్చేది. రెండూ ఎదురెదురుగా నిలబడి యోగక్షేమాలు విచారించుకుని, ఏదో ఒకటి ఆరిపోయేసరికి ఆ వారం అయిపోయేది. ఇవాళ అత్తగారి ముఖం మీదికి మూడుసార్లు ఉరికే కెమెరా ఆ బాణం మునిమనవరాలే. పట్టాభిషేకంతో ముగించేస్తామంటే జనం ఊరుకోలేదు. ఉత్తరకాండ కూడా చూపించాలని ఉత్తరాదిలో కొన్ని పట్టణాల పారిశుద్ధ్య కార్మికులు, వాల్మీకిని తమ గురువుగా కొలిచేవాళ్లు, సమ్మెకు దిగారు. అది ‘లవ్ కుశ్’గా వచ్చింది. కాబట్టి సీరియల్ ఆపొద్దని మొదట రోడ్డెక్కింది ప్రేక్షకులే. చానళ్లవాళ్లు ఆ మాటను బాగా గుర్తుపెట్టుకున్నారు.

అయినా లెక్క వేస్తే నివ్వెరపోతాం. రామాయణం 78 వారాలు. బి.ఆర్.చోప్రా మహాభారతం, 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 దాకా, 94 ఎపిసోడ్లు. రెండు ఇతిహాసాలూ, వనవాసాలూ, లంకా దహనం, కురుక్షేత్రం, భగవద్గీతతో సహా, మొత్తం 172. వారానికి ఆరు రోజుల డైలీ సీరియల్ లెక్కన ఇది ఏడు నెలల సరుకు. ఏడు నెలల్లో మన సీరియళ్లలో కడుపుతో ఉన్న కోడలి సీమంతానికి చీర ఎంపిక కూడా పూర్తికాదు.

‘కార్తీక దీపం’ సంగతే చూడండి. 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23 దాకా వెలిగింది. 1500కు పైగా ఎపిసోడ్లు. ఎపిసోడ్‌కు 22 నిమిషాలే వేసుకున్నా 550 గంటలు. తిండీ నిద్రా మాని ఏకబిగిన చూస్తే దాదాపు 23 రోజులు. ఇంతకీ సమస్య ఏమిటి? భార్య కడుపులో బిడ్డ తనది కాదేమోనని భర్తకు అనుమానం. భర్త ఎవరు? డాక్టరు! ఒక దూది పుల్ల, ఒక సీసా, ల్యాబుకు పంపితే కొద్దిరోజుల్లో రిపోర్టు. డీఎన్ఏ పరీక్ష అంటూ ఒకటుందని ఆయనకు ఎవరైనా చెప్పండయ్యా అని ఊళ్లోవాళ్లంతా ఏళ్ల తరబడి తల బాదుకున్నారు. నిజానికి ఇది ఉత్తరకాండే. రాముడు లోకం మాట విని భార్యను అడవికి పంపితే, ఈయన సైన్సు చదివి కూడా ఆ పరీక్ష రాయలేదు. వంటలక్కగా చేసిన ప్రేమి విశ్వనాథ్‌ని తలచుకుంటే మరీ జాలి. దీనికి మూలమైన మలయాళం సీరియల్ ‘కరుత్తముత్తు’లోనూ ఆ పాత్ర ఆమెదే. ఒకే అనుమానాన్ని రెండు భాషల్లో భరించిన సాధ్వి!

ఇలా ఎందుకు సాగుతుందని అడిగితే రచయితను తిట్టేస్తాం. పాపం, ఆయన చేతిలో ఏముంది? దేశంలో 50 వేల పైచిలుకు ఇళ్లలో రేటింగు మీటర్లు పెట్టారు. వాటి లెక్కలు వారానికోసారి, గురువారం, చానల్ బల్ల మీదికి వస్తాయి. ఆ గురువారం కోడలు ఏడ్చిన రోజు అంకె పెరిగిందని తేలితే, శుక్రవారం కోడలు నవ్వడానికి అనుమతి ఉండదు. బాగా ఆడుతున్న సీరియల్ ఆపి కొత్తది మొదలుపెడితే మళ్లీ సెట్టు, మళ్లీ ప్రచారం, మళ్లీ సున్నా నుంచి రేటింగు. ఇంత ఖర్చెందుకు, అదే ఇంట్లో అదే సోఫా మీద ఇంకో విలన్‌ని కూర్చోబెడితే పోలా? అలా వస్తారు చనిపోయిన మొదటి భార్యలు, తప్పిపోయిన కవలలు, గతం మర్చిపోయిన మేనబావలు. నటుడు వేరే చానల్‌కు వెళ్లిపోతే కారు ప్రమాదం, ముఖానికి కట్టు. కట్టు విప్పగానే కొత్త నటుడు. ఇంట్లోవాళ్లెవరూ అదిరిపోరు.

ఇక ఆదివారం ప్రోమో. అందులో కోడలు అత్త చెంప ఛెళ్లుమనిపిస్తుంది. దాని కోసం జనం సోమవారం కూర్చుంటారు. సోమవారం కోడలు చెయ్యెత్తుతుంది. మంగళవారం ఎత్తిన చెయ్యి ఎనిమిదిమంది చూస్తారు, ఒక్కొక్కరు మూడు కోణాల నుంచి. బుధ, గురువారాల్లో పాత సన్నివేశాలు నలుపు తెలుపుల్లో. శుక్రవారం చెంప పగులుతుంది. శనివారం తెలిసేదేమిటంటే, అదంతా అత్తగారి కల.

పాత్రలు మాట్లాడే తెలుగు సంగతి వేరే చెప్పాలి. కథ కేరళ నుంచో, కలకత్తా నుంచో, చెన్నై నుంచో వస్తుంది. ‘ఇంటింటి గృహలక్ష్మి’ బెంగాలీ ‘శ్రీమయి’కి తెలుగు రూపం. ‘బ్రహ్మముడి’ పుట్టిల్లూ బెంగాలే. ‘గుండె నిండా గుడిగంటలు’ తమిళం నుంచి వచ్చింది. హీరోయిన్ చాలాసార్లు బెంగళూరు అమ్మాయి. కెమెరా పక్కన అసిస్టెంటు డైరెక్టరు నిలబడి డైలాగు ముక్కలు ముక్కలుగా అందిస్తుంటే ఆమె పెదవులు కదుపుతుంది. గొంతు మరొకరిది. వెనకటికి ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ అని 1988లో కొన్ని నిమిషాల పాటతో దేశాన్ని ఏకం చేశారు. ఇప్పుడా పని ఒక్క వంటింటి సెట్టులో, ఆరు భాషల అత్తాకోడళ్లతో జరిగిపోతోంది. జాతీయ సమైక్యతకు ఇచ్చే అవార్డేదైనా ఉంటే ప్రాంప్టింగ్ కుర్రాడికి ఇవ్వాలి. శాంతిస్వరూప్‌కి లేని సదుపాయం అదొక్కటే.

మధ్యలో ఒక మంచి కాలం వచ్చింది. దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’ నవ్వించింది. మంజులా నాయుడు ‘ఋతురాగాలు’ టైటిల్ పాట వినపడగానే అన్నం పళ్లాలు ఆగిపోయేవి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఆ మరుసటి ఏడాది నుంచి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం ‘పాడుతా తీయగా’లో పిల్లల శ్రుతి తప్పితే ప్రేమగా దిద్దేవారు, ఎవరి నాన్న ఆటో తోలుతాడో అడిగి ఏడిపించకుండా. ఈటీవీ ‘శాంతినివాసం’ సీరియల్‌కి దర్శకత్వం వహించిన కుర్రాడి పేరు రాజమౌళి. అదృష్టం బాగుండి ఆయన సినిమాల్లోకి వెళ్లిపోయాడు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో మనకి రెండేళ్లలో తెలిసింది. ఆయన సీరియళ్లలోనే ఉండిపోయి ఉంటే, కట్టప్ప ఈపాటికి కత్తి ఒరలోంచి సగం దూసి ఉండేవాడు.

‘అమృతం’ మీద మాత్రం ఎవరు చెయ్యి వేసినా ఊరుకోను. 2001 నవంబరులో జెమినిలో మొదలై ఆరేళ్లు, ఆదివారం ఆదివారం, 300కు పైగా ఎపిసోడ్లు వచ్చింది. అదీ ఎక్కువే కదా అంటారేమో. తేడా ఒక్కటే. ఆ వారం మొదలైన గొడవ ఆ వారమే తీరిపోయేది. అమృతానికి ఒక పిచ్చి ఐడియా రావడం, ఆంజనేయులు వద్దు వద్దంటూనే అందులో దూకడం, అప్పాజీ అద్దె అడగడం, అమృత విలాస్‌లో సర్వం నీళ్లచారు. అంతే. వచ్చే వారం మళ్లీ కొత్త పిచ్చి. అమృతం పాత్రలో శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ మారుతూ వచ్చారు. ముఖానికి కట్టూ లేదు, కారు ప్రమాదమూ లేదు. కొత్త మనిషి వచ్చి హోటల్ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు, జనం నవ్వేశారు. ఆంజనేయులుగా నటించిన గుండు హనుమంతరావు 2018లో పోయారు. ఇప్పటికీ భోజనం దగ్గర ఫోన్‌లో అమృతం పెట్టుకుంటే తప్ప ముద్ద దిగని కుర్రకారు తెలుగునాటా ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది అది వచ్చే రోజుల్లో ఉయ్యాల్లో ఉన్నవాళ్లే.

ఈ పాత టీవీ బెంగ కూడా ఒక రకం రిలే పరుగు. మా అన్నయ్య కూతురికి ‘మొగలిరేకులు’ అంటే ప్రాణం. “చిన్నతాతా, అప్పటి సీరియళ్లలో కథ ఉండేది, ఇప్పుడేముంది?” అంటుంది బాబాయితో. అది 2008 నుంచి 2013 దాకా నడిచింది. నడిచినన్నాళ్లూ బాబాయి దాన్నే తిట్టాడు, జీడిపాకం అన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చుని తలాడిస్తున్నాడు. వంటలక్క కోసం ఇంత కాలం కూడా ఆగలేదు మనం. 2023 జనవరిలో దీపం కొండెక్కితే, 2024 మార్చిలో రెండో భాగం వెలిగించారు. జ్ఞాపకం పాతబడటానికి పూర్వం ఇరవై ఏళ్లు పట్టేది. ఇప్పుడు పద్నాలుగు నెలలు.

బిగ్‌బాస్ గురించి నేనేమీ రాయను. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి, తలుపులేసి, తిండి తగ్గించి, కొట్టుకోమని చెప్పి, వారాంతంలో నాగార్జున వచ్చి ఎందుకు కొట్టుకున్నారని అడిగే కార్యక్రమం మీద రాయడానికి మిగిలిందేమిటి?

అసలు పరీక్ష 2020లో జరిగింది. కరోనా వచ్చింది, షూటింగులు ఆగాయి. గురువారం రేటింగులు ఆపలేనిది, సెన్సారు ఆపలేనిది, మా బాబాయి నలభై ఏళ్ల గొణుగుడు ఆపలేనిది, ఒక వైరస్ ఆపింది. ‘కార్తీక దీపం’ డాక్టర్‌బాబు అనుమానం వారాల తరబడి క్వారంటైన్‌లో ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే, మార్చి 28 నుంచి, దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించుకుంది. పాత టీవీ గెలిచిందని బాబాయి ఇంట్లో మిఠాయి పంచినంత పని చేశాడు. మళ్లీ అవే బాణాలు, అదే ఆకాశం, అదే నిదానం. నాలుగో రోజుకు బాణం బయల్దేరగానే లేచి మంచినీళ్లకు వెళ్లి, తాగి, వచ్చి కూర్చున్నా అది తగిలేది కాదు. జూన్‌లో షూటింగులు మొదలయ్యాయి. కొత్త ఎపిసోడ్ వచ్చిన రాత్రి బాబాయి పేపరు చాటున కూర్చుని పిన్నిని అడిగాడు: “ఇంతకీ ఆ పిల్లలు తన పిల్లలేనని వాడికి తెలిసిందటే?”

తెలియలేదు. దీపం కొండెక్కడానికి ఇంకా రెండున్నరేళ్లు పట్టింది.

అందుకని చానళ్లవారికి నాదొక మనవి. పాతవాటిలాగా తీయక్కర్లేదు. అత్తలు పట్టుచీరలతోనే పడుకోనివ్వండి, పాయసంలో విషం కలపనివ్వండి, ఉరుములూ మెరుపులూ ఉండనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. మొదటి ఎపిసోడ్ మొదలవడానికి ముందు, పొగతాగడం హానికరం అని వేసినట్టు, మొత్తం ఎన్ని ఎపిసోడ్లో ఒక ముక్క వేయండి. పదమూడయితే సంతోషం. గిట్టుబాటు కాదంటే యాభై రెండు. ఆ పైన ఎన్నయినా సరే, అంకె మాత్రం ముందే చెప్పండి. మా బాబాయికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఆయన కూడా ప్లాన్ చేసుకోవాలి.